జలగపట్టు అంగీ

ఏనుగు అంబారీతో సహా దూరిపోగలిగినంత ఎత్తయిన వాకిలి. దానికి రెండు పక్కలా పాలరాతి కన్యలు; ఒకతె చేతిలో కదురు, మరొకతె చేతిలో కత్తెర. పైన బంగారు తోరణం, తోరణం నిండా రతనాల చిలకలు, ముత్యాల హంసలు, పచ్చలు తాపిన తీగలు. శోణగిరి అంబరశాల అంటే మాటలా! అక్కడ కుట్టిన అంగీ తొడుక్కోనివాడు రాజే కాడని ఛప్పన్న దేశాల్లోనూ వాడుక.

అంతటి వాకిట్లో నిలబడి రాకుమారి హేమవల్లరి చేసిన మొదటి పని ఏమిటయ్యా అంటే, ముక్కు మూసుకోవడం.

కంపు! అలాంటి ఇలాంటి కంపు కాదు. కుళ్ళిన చేపల్ని తేనెలో ఊరబెట్టి పైన పన్నీరు చల్లినట్టుంది. అయినా పళ్ళబిగువున అడుగు ముందుకే వేసింది. ఆమె ఆ పూట రాకుమారి కాదు మరి. నెత్తిన తలపాగా, మూతిమీద మేకవెంట్రుకల మీసం, భుజాన నీలిమందు బుట్ట. పేరు వర్ణగుప్తుడు, రంగుల వర్తకుడు.

రాజుగారి బిడ్డకు ఈ మీసాల ఖర్మ ఎందుకు పట్టిందో చెప్పాలి. తండ్రి కొన్నాళ్ళ కిందట కాలం చేశాడు. ఆ మధ్యాహ్నమే తమ్ముడు మేఘాంకుడికి పట్టాభిషేకం. అంబరశాలకు కొత్తగా ఆచార్యుడైన లలితాంబరుడు కుట్టిన అంగీ తొడుక్కుని తమ్ముడు సింహాసనం ఎక్కాలి. ఈ లలితాంబరుడి చేతి అంగీని అంతకుముందు తొడుక్కున్నది ఉత్పలపురి రాజు, హేమవల్లరికి స్వయానా మేనమామ. పులిని ఒంటిచేత్తో లొంగదీసిన మనిషి, ఆ అంగీ తొడిగిన మర్నాటి నుంచి 'ఆచార్యులవారు ఎలా చెబితే అలా' అనడం తప్ప మరో మాట మరిచిపోయాడు. ఉడికిన చేప కళ్ళలా తెల్లబడ్డ ఆయన కళ్ళు చూసి వచ్చిన హేమవల్లరికి ఆపైన నిద్ర పట్టలేదు.

పొద్దున్నే తమ్ముడి దగ్గరకు వెళ్ళి మొత్తుకుంది. అతగాడు రెండు చేతులూ బార్లా చాపి నిలబడ్డాడు. ఒక దాసి నడికట్టు బిగిస్తోంది, ఇంకొకతె మొలతాడు సర్దుతోంది.

"ఆ అంగీ వద్దురా తమ్ముడూ. వాడేదో మంత్రగాడు. మామయ్య అంగీ ఎంత కంపు కొడుతోందో తెలుసా?"

"అబ్బ, నీదంతా పాతచింతకాయ పచ్చడి అక్కా! లోకమంతా నెత్తిన పెట్టుకుంటుంటే నీకొక్కదానికే కంపు కొడుతోందా?"

"ముక్కున్నవాళ్ళకు కొడుతుందిరా!"

వినలేదు. వినకపోతే వదిలేసే అక్క కాదు కాబట్టి మీసం అంటించుకుంది.

అసలు ఈ అంబరశాల ఎలా మొదలైందో శోణగిరిలో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. ఈ వంశానికి మూలపురుషుడైన రాజు యుద్ధంలో ఓడి, ఒంటిమీద నూలుపోగు లేకుండా, వానలో వణుకుతూ అడవిలో పారిపోతున్నాడు. పత్తి ఏకుకుంటున్న ఒక అవ్వ పిలిచి, తాను నేసి కుట్టిన ముతక అంగీ తొడిగింది. ఛాతీ దగ్గర కడపటి ముడి మాత్రం వెయ్యలేదు. "నాయనా, కుట్టడం వరకే నా వంతు. ఈ ముడి నీ చేత్తో నువ్వే వేసుకో. ఇంకొకడు ముడేసిన బట్టలో ఉన్నవాడు ఇంకొకడి మనిషే" అంది. ఆ అంగీని బాణం తాకలేదు, కత్తి కొయ్యలేదు. రాజ్యం తిరిగి వచ్చింది. అంబరశాల వెలిసింది. ఏకులవ్వ కూర్చున్న చెక్కపీటే ఆచార్యపీఠమైంది.

అవ్వ పోయింది. ఆ తర్వాత మొదలైంది సంత!

పీటెక్కిన మొదటి ఆచార్యుడు కనకభట్టు అవ్వ అంగీ మీద బంగారు రేకులు తాపాడు. ఎందుకయ్యా అంటే అవ్వ కలలో కనబడి చెప్పిందన్నాడు. తర్వాతివాడు కింకిణీశర్మ, ఆ రేకుల మీద చిరుగంటలు కుట్టాడు. దాంతో రాజుగారు వేటకు వెళితే కుందేళ్ళు కూడా ముందే తప్పుకుని చోద్యం చూసేవి. అదేమంటే అదీ అవ్వ చెప్పిందే! ఆ తర్వాత పింఛభట్టు వచ్చి నెమలీకలు కూరాడు. అవ్వ కల! చచ్చి కూడా ఆ ముసలిదానికి నిద్రపోయే యోగం లేకపోయింది. ఒకడి కలలోంచి ఇంకొకడి కలలోకి పరుగులు పెట్టడంతోనే సరిపోయింది. పైగా కడపటి ముడి రాజు వేసుకోవడమేమిటి నామోషీగా అని, ఆచార్యుడే వేసే వేడుక పెట్టారు. ఇలా పాత పొరల మీద తన పొర కుట్టిన అంగీనే ప్రతి ఆచార్యుడూ కొత్త రాజుకు తొడుగుతాడు; అసలు అంగీ అడుగున ఎక్కడో భద్రంగా ఉందని మాత్రం అందరికీ నమ్మకం. చూసినవాడు ఒక్కడూ లేడు.

హేమవల్లరి లోపలికి నడిచింది. పట్టుతెరలు తొలగించగానే కంపు మొహాన కొట్టింది. వరసగా రాతితొట్లు. తొట్ల నిండా బొటనవేలంత లావు జలగలు, నల్లగా, నిగనిగలాడుతూ, ఒకదాని మీద ఒకటి పొర్లుతున్నాయి. నేతగాళ్ళు మోచేతుల వరకు తొట్లలో పెట్టి కూర్చున్నారు. జలగలు వాళ్ళ నెత్తురు తాగి, బలిసి, నోటివెంట జిగురు కక్కుతున్నాయి. ఆ జిగురును పుల్లలకు చుట్టి లాగితే దారం! ఎర్రగా, తడిగా, మెరుస్తూ సాగుతోంది.

"జలగపట్టు!" అని పక్కన ఒక సామంతుడు తన్మయంగా గాలి పీల్చాడు. "ఆహా! మొదట్లో కాస్త కంపులా తోస్తుంది. అభిరుచి పెరిగిందంటే ఇదే పరిమళం."

ముక్కుకు పట్టుగుడ్డ అడ్డం పెట్టుకునే అన్నాడు ఆ మాట! హేమవల్లరికి వాడి మొహాన ఉమ్మాలనిపించింది. నోరు తెరిస్తే ఉమ్మే కాదు, పొద్దున తిన్నదంతా వచ్చేలా ఉందని ఊరుకుంది.

ఇంతలో లలితాంబరుడు వచ్చాడు. వెన్నముద్దలా నున్నటి మొహం, పెదవులున్నాయో లేవో తెలియని నోరు, గోళ్ళు లేని తెల్లటి వేళ్ళు. నడుముకు ఒక రాగి భరిణె గొలుసుతో వేలాడుతోంది.

"ఏం తెచ్చావు నాయనా?" అన్నాడు తేనె కారుతున్న గొంతుతో.

"నీలిమందు స్వామీ. ఏకులవ్వ కాలం నాటి నీలం."

"అయ్యో పిచ్చివాడా! నీలం ఎప్పుడో చచ్చిపోయింది. ఇప్పుడంతా గడ్డకట్టిన నెత్తురు రంగు. అవ్వ నిన్ననే కలలో చెప్పింది." అంటూ చెయ్యి చాపి ఆమె చెంప నిమిరాడు.

ఛీ! ఆ అరచేతికి నోరుంది. గుండ్రటి, పళ్ళున్న నోరు! అది చప్పరించింది. ఆ చెయ్యి వెనక్కి తీసుకునేసరికి మేకవెంట్రుకల మీసం కాస్తా దానికి అంటుకుని వెళ్ళిపోయింది.

ఇద్దరూ ఆ మీసం వంక చూశారు.

"రాకుమారి!" అని లలితాంబరుడు బుస కొట్టాడు. "పట్టుకోండి!"

హేమవల్లరి బుట్టెత్తి నీలిమందంతా వాడి కళ్ళలో కుమ్మరించింది. నీలం మబ్బు లేచింది. అందులోనే భటుణ్ణి ఒకణ్ణి తొట్లోకి తోసి, పరుగెత్తి, పనికిరాని పీలికలు పారవేసే తూములోకి దూకేసింది. జర్రున జారి వెళ్ళి నెమలీకల కుప్ప మీద పడింది.

"ఎవరది? నా పింఛాలు నలుగుతాయి!" అని కుప్పలోంచి ఎవరో కసిరారు.

బొర్ర, బోడిగుండు, చేతిలో మరమరాల దొన్నె. అతడే పింఛభట్టు. లలితాంబరుడు పీట లాగేసుకున్నాక, పాత సరుకుతో పాటు ఇతణ్ణీ ఈ కొట్టులోకి నెట్టించాడు.

"భట్టుగారూ, నేను హేమవల్లరిని. మా తమ్ముడు ఆ పురుగుల అంగీ తొడుక్కోబోతున్నాడు. దారి చూపించండి."

"తొడుక్కోనియ్యమ్మా! నా నెమలీకల్ని వెక్కిరించారుగా, అనుభవించనీ!" అన్నాడు భట్టు మూతి ముడిచి.

అంతలో తూములోంచి జలగలు దొర్లుకుంటూ వచ్చాయి. ఒకటి భట్టు కాలెక్కింది. అతడు కెవ్వుమని మెడలో తాయెత్తు పీకి దానికి చూపించాడు. జలగ ఉప్పులో పడ్డట్టు ముడుచుకుపోయి రాలింది. మిగతావి వెనక్కి తిరిగాయి.

"ఏముంది అందులో?"

భట్టు నసిగాడు. "అవ్వ అంగీ పీలిక. పీటెక్కిన రోజున ప్రతి ఆచార్యుడూ ఒక ముక్క కత్తిరించుకుంటాడు. అదే వారసత్వానికి గుర్తు. సంప్రదాయం తల్లీ!"

"కొద్దిగానే కదా?"

"మొదట తమలపాకంతే. కానీ ముందువాడికంటే తక్కువ తీసుకుంటే మన పరువేం కాను? కింకిణీశర్మ అరిటాకంత తీశాడు. నేను మరి ఊరుకుంటానా? తాయెత్తుకు సరిపోగా మిగిలింది అల్లుళ్ళ తలపాగాల్లోకి ఇచ్చాను."

"థూ! మీరు మనుషులా, చెదపురుగులా?" అంది హేమవల్లరి. "ఇంకా ఏమైనా మిగిల్చారా అసలు?"

"మిగలకేం? అంత పెద్ద అంగీ! తిరగేసి చూడటం అపచారం గనక ఎవరూ చూడలేదంతే. పోయిన ఆచార్యుల ముక్కలన్నీ, మా అల్లుళ్ళ దగ్గరివి కూడా లాక్కుని, ఆ దుర్మార్గుడు రాగి భరిణెలో బంధించాడు. ఆ గుడ్డంటే వాడికి ప్రాణభయం. నాదొక్కటే దాచుకోగలిగాను."

బయట భేరీలు మోగాయి. ముహూర్తం దగ్గరపడింది. హేమవల్లరి తాయెత్తు లాక్కుని, గుడ్డపీలిక తీసి అరచేతికి చుట్టుకుంది. మెత్తగా ఏమీ లేదు. ముతకగా, గరుకుగా, కొత్త పత్తి వాసన వేస్తోంది. పొద్దుటినుంచి మొదటిసారి ఆమె నిండుగా ఊపిరి పీల్చుకుంది. పైమీది కంచుకాలన్నీ ఊడబెరికితే అడుగున అవ్వ అంగీ తమ్ముణ్ణి కాపాడుతుంది! అంతే, ఇక ఆలోచన లేదు. భట్టు మెడపట్టుకుని మెట్లెక్కించింది. అంబరశాల కప్పు మీదినుంచి సభామంటపం దాకా పతాకాల తాడు కట్టి ఉంది. ఆమె దాన్ని పట్టుకుని జారింది. 'నాకు కళ్ళు తిరుగుతాయమ్మోయ్' అంటూనే భట్టు ఆమె నడుం వాటేసుకుని వచ్చాడు.

మంటపంలో స్ఫటికస్తంభాలు, మాణిక్యదీపాలు, వెండి గొడుగులు. నడుమ నవరత్న సింహాసనం మీద మేఘాంకుడు. అంగీ జేగురు కాంతితో ధగధగలాడుతోంది. పరకాయించి చూస్తే ఆ ధగధగ కదులుతోంది! మడతలు వాటంతట అవే పొర్లుతున్నాయి. భుజాలనుంచి జిగురు బొట్లుబొట్లుగా పాలరాతి మీద పడుతుంటే, దండనాయకులు దాన్ని వేలితో తీసి కళ్ళకద్దుకుంటున్నారు. మేఘాంకుడి కళ్ళు అప్పుడే సగం తెల్లబడ్డాయి. లలితాంబరుడు అంగీ కొసదారాలు రెండూ అందుకుని కడపటి ముడికి వేళ్ళు మడిచాడు.

చాందినీ చింపుకుంటూ హేమవల్లరి వాడి వీపు మీద పడింది. వాడు తూలాడు. ఆమె గుడ్డ చుట్టుకున్న చేత్తో తమ్ముడి మెడదగ్గర అంగీ పట్టుకుని బలమంతా పెట్టి పెరికింది. జలగపట్టు కీచుమంటూ ముడుచుకుని ఊడింది. దానికింద నెమలీకలు! పెరికింది. చిరుగంటలు ఘల్లున రాలాయి. బంగారు రేకులు ఖంగుమని దొర్లాయి. ఇక అడుగున అవ్వ అంగీ...

లేదు.

ఏమీ లేదు. మేఘాంకుడి వట్టి వీపు, దానిమీద నెత్తురు కారుతున్న జలగకాట్లు, అంతే.

సభంతా నోరు తెరిచింది. పింఛభట్టు తల దించుకున్నాడు. అప్పుడు లలితాంబరుడు నవ్వడం మొదలుపెట్టాడు.

"చూశారా మీ వారసత్వం! అంగీని ముక్కలు ముక్కలుగా మింగేసి, గాలిని భద్రంగా కాపాడుకుంటూ వచ్చారు. దొంగతనానికి వచ్చిన నాకు దొంగిలించే పని కూడా తప్పించారు. నేను జలూకుణ్ణిరా, జలగల రాక్షసుణ్ణి! తొడుక్కోవడానికి ఏదో ఒకటి కావాలిగా మీకు? నాదే తొడుక్కోండి!"

చేతులు తట్టగానే నేలమీది జలగపట్టు పాముల్లా పాకి మేఘాంకుడి కాళ్ళకు చుట్టుకుంది. మోకాళ్ళు దాటింది. నడుము దాటింది. పైకి, గుండెవైపు వస్తోంది.

హేమవల్లరి అరచేతి పీలిక విప్పి తమ్ముడి ఛాతీ మీద పరిచింది. తమలపాకంత గుడ్డ. దాని అంచుల్లో రెండు నూలుపోగులు వేలాడుతున్నాయి.

"తమ్ముడూ! నీ చేత్తో ముడెయ్యి! తొందరగా!"

మేఘాంకుడు ఆ పోగులు పట్టుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాకు రాదక్కా."

"ఏం రాదు?"

"ముడెయ్యడం. ఎప్పుడూ వేసుకోలేదు."

హేమవల్లరికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రాజ్యం ఏలబోయే మగాడు, ముడెయ్యడం రాదు! చప్పున తన చెయ్యి ముందుకు పోయింది. పోగులను తాకబోయి ఆగింది. ఇంకొకడు ముడేసిన బట్టలో ఉన్నవాడు ఇంకొకడి మనిషే. తాను వేస్తే తమ్ముడు బతుకుతాడు, తన కీలుబొమ్మగా. 'అక్క ఎలా చెబితే అలా' అంటూ, తెల్లటి కళ్ళేసుకుని!

తన తలపాగా లాగి రెండు కొసలు పట్టుకుంది. "నన్ను చూసి చెయ్యరా. ఇది దానిమీద వెయ్యి. ఆ, అలా. కిందనుంచి దూర్చు. కింద్నుంచిరా మొద్దూ! ఇప్పుడు లాగు."

జలగపట్టు చంకలదాకా వచ్చింది. మేఘాంకుడి వేళ్ళలోంచి పోగు జారింది. మళ్ళీ వేశాడు. దూర్చాడు. లాగాడు. పడింది ముడి! చంటిపిల్ల బొమ్మకు కట్టినట్టు వంకరటింకర ముడి. అయితేనేం, వాడి చేతి ముడి.

జలగపట్టు నిప్పు తగిలినట్టు గుండె దగ్గర ఆగిపోయింది. మేఘాంకుడి కళ్ళకు నలుపు తిరిగొచ్చింది. కానీ ఛాతీ కిందంతా ఎర్రటి పట్టుగూడులా గట్టిపడింది. ఆ గూడు అంచు మాత్రం ఇంకా వెంట్రుకవాసి చొప్పున గుడ్డ చుట్టూ తడుముతూనే ఉంది.

"తమలపాకంత గుడ్డ తమలపాకంత మేరే కాస్తుంది తల్లీ!" అని పింఛభట్టు గుండెలు బాదుకున్నాడు. "భరిణెలో ముక్కలన్నీ తెచ్చి అతికితే తప్ప..."

మాట పూర్తికాకముందే జలూకుడి వీపు చిట్లింది. బూడిదరంగు రెక్కలు తడితడిగా విచ్చుకున్నాయి. నున్నటి మొహం రాలి, మీసాలు మొలిచిన సీతాకోకచిలుక మొహం బయటపడింది. రాక్షసపురుగై, రాగి భరిణె కాళ్ళ మధ్య ఇరికించుకుని, చాందినీ చిల్లులోంచి పైకి లేచాడు. వాడి కడుపులోంచి జలగపట్టు దారం ఒకటి తోకలా వేలాడుతోంది.

"అక్కా!" అన్నాడు మేఘాంకుడు, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని. "ఈ ముడి నిలుస్తుందంటావా?"

"నువ్వు వేసిందేగా. నువ్వు విప్పుకోనంతవరకు నిలుస్తుంది. ఎవడు వచ్చి అందంగా వేస్తానన్నా ఇవ్వకు."

అని, హేమవల్లరి సింహాసనం చేతిమీద కాలు మోపి ఎగిరింది. దారం దొరికింది. కాళ్ళకింద మంటపం జారిపోయింది, కోటగోడ జారిపోయింది. ఉన్నట్టుండి కాలు బరువెక్కింది. చూస్తే పింఛభట్టు!

"మీరెందుకు వచ్చారండీ?"

"ఆపుదామని పట్టుకున్నానమ్మా! వదిలేలోపే పైకి లేచిపోయాం! కింద ఏముంది?"

"అగడ్త. మొసళ్ళు."

భట్టు ఆమె కాలిని ఇంకా గట్టిగా వాటేసుకున్నాడు. దారం జిగురుగా, వెచ్చగా, నాడి కొట్టుకుంటోంది. కుళ్ళిన చేపలు, తేనె, పన్నీరు! ఇప్పుడు అరచేతిలో అవ్వ గుడ్డ కూడా లేదు. వేళ్ళు జారుతున్నాయి. ఒక చెయ్యి పట్టు పూర్తిగా తప్పింది. పైన రెక్కల మధ్య రాగి భరిణె మెరుస్తోంది, అందులో తమ్ముడి ప్రాణం. రెండో చెయ్యి కూడా జారింది.

హేమవల్లరి కళ్ళు గట్టిగా మూసుకుని, నోరంతా తెరిచి, ఆ దారాన్ని పళ్ళతో కరిచి పట్టుకుంది.

ఛీ అనడానికి కూడా నోరు ఖాళీ లేదు.